గీత బయటి వంటిల్లు

లసుంబాయికి భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. కూతురు కాస్త ఆలస్యంగా వస్తే దారిలో ఆటో బోల్తా పడినట్టే. మొగుడు కాస్త ముందొస్తే పనిలోంచి తీసేసినట్టే. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది గానీ ఊహకు మాత్రం ఆనకట్ట లేదు. కుక్కర్ కూత వెయ్యడం రెండు నిమిషాలు జాగైతే చాలు, ఇల్లు పేలిపోయి, ఆ వార్త పేపర్లో ఫొటోతో సహా పడిన సంగతి ఆమె కళ్ళకు కట్టేది.

అలాంటి మనిషి కూతురు రుక్మిణి ఆ ఏడు చలికాలం మొదట్లో ప్రాణమున్న ఒక సంచిని కడుపుకు కట్టుకొని ఇంటికొచ్చింది.

అరచేతి వెడల్పున్న మెత్తని సంచి. నానబెట్టిన సబ్జాగింజల్లా లోపల ఏదో లేతాకుపచ్చగా మెదులుతోంది.

"ఇదేందే?" అంది లసుంబాయి. అప్పటికే ఆమె చెయ్యి గుండెల మీదికి పోయింది.

"తోడు అమ్మా. పాలల్ల తోడేస్తం సూడు, గట్లనే. ఇది పత్తికట్టెల తోడు."

"మరి నీ కడుపు మీద ఎందుకే? గిన్నెల ఎయ్యరా?"

"గిన్నెల సచ్చిపోతది. మనిషి వెచ్చదనం గావాలె దానికి."

మంచం మీద పడుకుని బీడీ కోసం దిండు కింద వెతుక్కుంటున్న విఠల్ తల ఎత్తి చూశాడు. "పెండ్లి గాకముందే మనుమడచ్చిండు. ఉయ్యాల గట్టు లసుమీ."

"నీ నోట్ల మన్నువడ" అని లసుంబాయి మొగుణ్ణి తిట్టి, కూతురి చుట్టూ మూడుసార్లు ఉప్పు తిప్పి నీళ్ళలో పోసింది.

ఇచ్చోడ పక్కనున్న ఆ ఊళ్ళో పత్తి తప్ప మరో మాట వినపడదు. పత్తి ఏరడం అయిపోయాక చేలల్లో మొండికట్టె మిగులుతుంది. రైతులు దాన్ని కుప్పవేసి తగలబెడతారు. ఆ కట్టెలోంచి బండ్లు నడిపే నూనె తియ్యొచ్చని అందరికీ తెలుసు. తీసిన వాళ్ళూ ఉన్నారు. కానీ పత్తికట్టె మహా మొండిది. ఆవిరి పట్టించి మెత్తబరచాలి, ఉడికించాలి, పులియబెట్టాలి, మళ్ళీ కాచి వడగట్టాలి. ఇంత చేస్తే వచ్చిన నూనె ఆ పొయ్యి కిందికే సరిపోయేది. పరాంకుశం గారనే శాస్త్రవేత్త కోస్తా నుంచి వచ్చి, మూతబడిన జిన్నింగు మిల్లును అద్దెకు తీసుకుని, అందులో కూర్చుని ఈ తోడును పెంచాడు. ఇది పొయ్యి లేకుండానే కట్టెను నమిలేస్తుంది. డ్రమ్ములో నానేసిన కట్టెపొట్టు మీద రోజూ పొద్దున సంచిలోంచి చెంచాడు తీసి వేస్తే, మర్నాటికి నూనె మీగడలా పైకి తేలుతుంది. గరిటెతో తీసుకోవడమే. మంట లేదు, పొగ లేదు.

పేచీ ఒక్కటే. ఆ చెంచాడు తోడు రోజూ మేలుకోవాలంటే దానికి నాడి కొట్టుకునే ఒంటి వేడి కావాలి. కరెంటు పెట్టెలో పెడితే ముడుచుకుని చచ్చేది. అందుకని నలుగురు ఆడపిల్లల్ని పనిలో పెట్టుకున్నాడు. ఊళ్ళో వాళ్ళను తోడుపిల్లలు అనేవారు. డిగ్రీ చదివి రెండేళ్ళుగా ఇంట్లో ఉన్న రుక్మిణి వాళ్ళలో పెద్దది.

*

మిల్లు ఇంటికి కూతవేటు దూరం. మధ్యాహ్నం టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళిన మొదటి రోజే లసుంబాయి గుమ్మంలో ఆగిపోయింది. పైకప్పు పగుళ్ళలోంచి ఎండ నిట్టనిలువుగా దిగుతోంది. ఎప్పుడో ఆడిన పత్తి దూది ఇంకా దూలాల మీద మిగిలి, గాలి వీచినప్పుడల్లా రాలి, ఆ ఎండలో దిగీ దిగక తేలుతోంది. నేల మీద చాపలు. చాపల మీద నలుగురు పిల్లలూ వెల్లకిలా పడుకుని, కడుపు మీద చేతులు పెట్టుకుని నిద్రపోతున్నారు. నలుగురి ఊపిరీ ఒక్కటిగా లేస్తోంది, ఒక్కటిగా దిగుతోంది. చేను మీద గాలి పోయినట్టు.

లసుంబాయికి ముందు తోచింది వీళ్ళు బతికున్నారా అని.

"లోపలికి రండమ్మా" అన్నాడు పరాంకుశం. బక్కపల్చని మనిషి. చొక్కా జేబునిండా సుద్దముక్కలు. "ఆ గీత మాత్రం తొక్కకండి."

నాలుగు డ్రమ్ముల చుట్టూ నేల మీద గుండ్రంగా సుద్దగీత ఉంది.

"ముగ్గా సార్?"

ఆయన నవ్వాడు. "లెక్కమ్మా. గీత లోపలున్నదంతా లెక్కలోకి వస్తుంది. పొట్టు కొట్టిన మిషను ఖర్చు, కలిపే మోటారు తాగిన కరెంటు, అన్నీ. అది ఒక వంతు అనుకోండి. బయటికొచ్చే నూనెలో బలం రెండు వంతులుంది. ఒకటి పెడితే రెండు. ఇప్పటిదాకా ఈ కట్టెతో ఎవరికీ రాలేదు."

"మరి పిల్లలు గీత బయట పండిన్రు గద?"

ఎండ వాళ్ళ మొహాల మీదికి వస్తోంది, లోపలికి జరగమంటే జరుగుతారేమోనని ఆమె అడిగింది. ఆయనకు అది లెక్క గురించిన ప్రశ్నలా వినబడింది.

"మనుషులు ఎలాగూ తింటారు కదమ్మా, ఎలాగూ వెచ్చగా ఉంటారు. ఆ వేడి ఊరికే గాల్లో కలిసిపోయేదే. దాన్నే వాడుకుంటున్నాం. రోజుకు ఒక్క బిస్కెట్టంత వేడి, అంతే."

ఆ మాట ఆయన నమ్మే అన్నాడు.

రుక్మిణి కళ్ళు తెరిచింది. తల్లిని చూసి కూడా ఆమె చూపు కాసేపు ఇక్కడికి రాలేదు.

"అమ్మా, ఇయ్యాల నేను చేనునైన."

"ఏందే ఆ మాటలు?"

"నిద్రల. నిలవడి ఉన్న. కాళ్ళు మట్టిలకు దిగినయి, సల్లగ. ఎక్కడి దాన్కనో దిగినయి. ఎవరో మాట్లాడినట్టు నీళ్ళు లోపలికెల్లి పైకొస్తున్నయి. ఎండ తగిలితే ఆకలి తీరింది అమ్మా. ఒళ్ళంతా నోరే." నవ్వింది. "దేనికీ తొందర లేదు ఆడ."

మిగతా ముగ్గురికీ అలాంటి కలలే వచ్చేవట. తోడు కట్టుకున్న వాళ్ళకు అది ఇచ్చే బహుమానం అనేవాళ్ళు. లసుంబాయికి మాత్రం పిచ్చి పట్టడం ఇలాగే మొదలవుతుందని గట్టి నమ్మకం కలిగింది.

*

చలి ముదిరేకొద్దీ రుక్మిణి చిక్కిపోసాగింది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. పక్కలో పడుకుంటే కూతురి పాదాలు కుండలో నీళ్ళలా చల్లగా తగిలేవి.

"దీనికి టీబీ" అంది లసుంబాయి ఒకరోజు. "కామెర్లు" అంది ఇంకోరోజు.

"పోయిన నెల నాకు గుండెజబ్బని ఏడ్చినవ్" అన్నాడు విఠల్. "ఏమైంది? గ్యాసు. పోరి సన్నగైతే నీకెందుకు, ఇప్పటి పోరగాండ్లు గట్లనే ఉంటరు."

ఎవరూ తన మాట పట్టించుకోరని లసుంబాయికి అలవాటే. తన చేతిలో ఉన్నది వంట. పూటకో రొట్టె ఎక్కువ చేసింది. నువ్వులు వేయించి బెల్లంతో దంచి ముద్దలు కట్టింది. వేడి జొన్నరొట్టెను బెల్లం, నెయ్యి పోసి నలిపి మలీద చేసి, గిన్నెడు పట్టుకుని మిల్లుకు పోయేది. రుక్మిణి ఎంత పెడితే అంత తినేది. చిన్నప్పుడు రెండు ముద్దలకే మొహం తిప్పుకునే పిల్ల, ఇప్పుడు గిన్నె అంచు వేలితో తుడిచి నాకేది. తల్లి ప్రాణం కుదుటపడేది. తింటోంది కదా, నిలబడుతుంది అనుకునేది. నిలబడలేదు. ఇంకా పెట్టింది.

అదే రోజుల్లో మిల్లులో సంబరం మొదలైంది. రుక్మిణి తోడు వేసిన డ్రమ్ములో నూనె పెరిగింది. ముందు గ్లాసెడు వచ్చేది, తర్వాత రెండు గ్లాసులు. మిగిలిన ముగ్గురి డ్రమ్ములూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి పెడితే నాలుగు! పరాంకుశం రాత్రీ పగలూ ఆ ఒక్క తోడు గురించే మాట్లాడేవాడు. అది వేరే జాతిగా మారిందన్నాడు. దాన్ని ముక్కలు చేసి పెంచితే వెయ్యి మందికి కట్టొచ్చు, జిల్లాలో బస్సులన్నీ పత్తికట్టె మీద నడపొచ్చు. డబ్బు పెట్టేవాళ్ళు రెండు వారాల్లో వస్తున్నారు.

"మీ అమ్మాయి తోడు బంగారమమ్మా" అన్నాడు లసుంబాయితో.

ఆమెకు గర్వం కలిగింది. ఆ వెంటనే దిష్టి భయం పట్టుకుంది. ఆ సాయంత్రం నెయ్యి ఇంకో గంటె ఎక్కువ పోసింది.

మర్నాడు ఆమెకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు లేవలేదు. విఠల్ వండిపెట్టిన అన్నం, మామిడికాయ తొక్కు తిని కూతురు పనికి పోయింది. లేవగానే లసుంబాయి చేసిన మొదటి పని మలీద. ఆ నాలుగు రోజులకూ కలిపి తినిపించాలని పెద్ద గిన్నెతో చేసింది.

ఆ తర్వాతి రోజు పట్టపగలు, వంట చేస్తుండగా, బయట ఏదో గీరుకున్న చప్పుడయ్యింది. తొంగి చూసేసరికి లసుంబాయి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

రుక్మిణి నడిరోడ్డు మీద వంగి, వెనక్కి నడుస్తూ, నేల మీద సుద్దగీత గీసుకుంటూ వస్తోంది. చెప్పుల్లేవు. సుద్ద అరిగిపోతే జేబురుమాల్లోంచి ఇంకొకటి తీస్తోంది. కలలో నడుస్తున్న దానిలా, తొందర లేకుండా. పక్కకు తప్పుకుపోతున్న సైకిలు వాళ్ళను కూడా చూడలేదు. వెనక పరాంకుశం, ఆయన వెనక మిగతా ముగ్గురు పిల్లలు. గీత మిల్లు గేటులోంచి, కిరాణాకొట్టు ముందునుంచి, వీళ్ళ వాకిట్లోకి, గడప మీదుగా వంటింట్లోకి వచ్చింది. రుక్మిణి పొయ్యి చుట్టూ, నువ్వుల డబ్బా చుట్టూ, నెయ్యి గిన్నె చుట్టూ, తల్లి కాళ్ళ చుట్టూ గీసి, ఇంకో వారగా మళ్ళీ గడప దాటింది. గీత మిల్లు వైపే తిరిగి పోయింది. అంతా అయ్యాక వచ్చి గోడకు ఆనుకుని కూలబడింది.

"ఏమైంది బిడ్డా? పిచ్చి లేసిందా? అయ్యో, నేను అనుకుంటనే ఉన్న..."

"అమ్మా, నీకు జ్వరమొచ్చిన దినాల నూనె పడిపోయింది. ఒక్క గ్లాసుకొచ్చింది. నిన్న నువ్వు మలీద పెట్టినవ్. ఇయ్యాల పొద్దుగాల మూడు గ్లాసులు తీసిన." రుక్మిణి పళ్ళు చలికి టకటకలాడుతున్నాయి. "తోడు మారలేదు. నువ్వు పెట్టుడు మారింది. గీత తప్పు గీసినం సార్."

పరాంకుశం వంగి నువ్వుల డబ్బా ఎత్తి, బరువు చూసినట్టు చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్క ఆయన మొహం మీదే జరుగుతోంది. నువ్వులు, బెల్లం, నెయ్యి, జొన్నలు, పొయ్యి కింద గ్యాసు, పిల్ల ఒంటి మీంచి కరిగిపోయిన కండ.

"ముప్పావు" అన్నాడు చివరికి. "ఒకటి పెడితే ముప్పావు. నిజానికి ఇంకా తక్కువే."

లసుంబాయికి లెక్క అర్థం కాలేదు గానీ అసలు సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ కూతురికని వండి, కలిపి, ముద్ద చేసి పెట్టిందంతా కూతురికి చేరలేదు. మధ్యలో ఇంకో నోరుంది. తను పెట్టినకొద్దీ ఆ నోరు పెద్దదైంది. ఎన్నో ఉపద్రవాలు ఊహించింది గానీ ఇది ఊహించలేదు. ఈ ఉపద్రవానికి తన చెయ్యే కారణం.

*

ఆశా కార్యకర్త వచ్చి థర్మామీటరు పెడితే గీతలు మొదలయ్యే చోటు దాకా కూడా పాదరసం ఎక్కలేదు. ఆమె ఇంకోసారి దులిపి పెట్టింది. మళ్ళీ అంతే. నాడి కూడా ఆలస్యంగా, ఆలోచించుకుని కొట్టుకుంటున్నట్టుందట.

"తెంపి పారేయరాదా సార్?" అన్నాడు విఠల్. మొదటిసారి ఆయన గొంతులో హాస్యం లేదు.

"చర్మానికి దాని పట్టు బిగిసింది. తెంపితే చర్మంతో పాటు వస్తుంది, రక్తం ఆగదు." పరాంకుశం వంటింటి పీట మీద కూర్చున్నాడు. "దానంతటది రాలాలి. తిండి అందకపోతే నిద్రలోకి పోయి రాలిపోతుంది. మొదట్లో ఒకసారి నా ఒంటి మీదే చూశాను. అమ్మాయి పస్తుండాలి. నీళ్ళు, ఉప్పు, అంతే."

"ఈ బక్క పానం మీద పస్తా?" అంది లసుంబాయి. ఏకాదశి నాడు కూడా ఇంట్లో ఎవరినీ ఉపవాసం ఉండనివ్వని మనిషి ఆమె.

ఆయన తల వంచుకున్నాడు. నేల మీది గీతను వేలితో అటూ ఇటూ రుద్దుతూ అన్నాడు. "ఇంకో దారి కూడా ఉందమ్మా. చెప్పకపోతే తప్పవుతుంది, చెప్పినా తప్పే. వచ్చే వారం వాళ్ళు వచ్చేదాకా మీరు ఇలాగే పెడుతూ ఉండండి. ఈ తోడు బతికుండాలి. చూపిస్తాను. డబ్బొస్తే దీని ఆకలి తగ్గించే మార్గం కనుక్కుంటాను. పదకొండేళ్ళు దీనికే పెట్టానమ్మా."

"వారం దాన్క పిల్ల ఉంటదా?"

ఆయన ఉంటుందని అబద్ధం చెప్పలేకపోయాడు. ఆ ఒక్క మంచితనం ఆయనలో ఉంది.

పెట్టమనే ఆమె మనసూ అంటోంది. పెట్టడం తప్ప ఇంకేమీ నేర్చుకోని చేతులు పెట్టమనే లాగుతున్నాయి. అయినా లసుంబాయి లేచి గ్యాసు కట్టేసింది. పొయ్యి మీద ఉన్న పప్పుగిన్నె, రొట్టెల డబ్బా, నువ్వుల డబ్బా తీసి విఠల్ చేతుల్లో పెట్టింది.

"ఎదురుంగున్న లక్ష్మక్క ఇంట్ల ఇచ్చి రా. నువ్వు సుత ఆడ్నే తిను. ఈ ఇంట్ల ఇగ పొయ్యి ముట్టియ్య."

*

మొదటి రోజు రుక్మిణి బాగానే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం మొదలుపెట్టింది.

"అమ్మా, ఆకలైతుంది."

"నీళ్ళు తాగు బిడ్డా."

"ఒక్క ముద్ద. నీ చేతి ముద్ద ఒక్కటి."

లసుంబాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పక్కింట్లో ఎవరో పోపు పెడుతున్నారు. లేచి కిటికీ మూసి వచ్చి మళ్ళీ చేతులు కింద పెట్టుకుంది.

"నన్ను సంపుతున్నవ్ నువ్వు."

"అవునే."

"ఎవలన్న తల్లి గిట్ల జేస్తదా?"

"చెయ్యదు బిడ్డా. నీళ్ళు తాగు."

రుక్మిణి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారింది. జారుతూ కళ్ళు మూసుకునే మాట్లాడింది. "చేను అడుగుతున్నదమ్మా. నేను గాదు. వానలేక ఆకులన్నీ నా దిక్కు చూస్తున్నయి. పగుళ్ళల్ల నోర్లు తెర్సుకున్నది మన్ను... ఎంత మంచిగుండె అమ్మా ఆడ. ఎవ్వలకు భయం లేకుండె."

పడుకున్న పిల్ల కడుపు మీద ఆ సంచి ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎండుగడ్డి రంగుకు తిరుగుతోంది. లసుంబాయి చూపు తిప్పుకోలేదు. పిల్ల ఊపిరి ఆగిందేమోనని వేలు ముక్కు దగ్గర పెట్టి చూసేది. ఉంటే, తర్వాతిది ఆగుతుందేమోనని చూసేది. గుమ్మంలో పరాంకుశం కూర్చుని ఉన్నాడు. మిగతా ముగ్గురికీ కూడా వాళ్ళ ఇళ్ళల్లో పస్తు పెట్టించి వచ్చానన్నాడు. డబ్బు పెట్టేవాళ్ళకు ఫోన్లో ముప్పావు అని చెప్పేశానన్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనే చెప్పాడు.

మూడో రోజు ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు సంచి ఒక అంచు నుంచి వదులైంది. తర్వాత మొత్తంగా, పండుటాకు ఊడినట్టు, చాప మీదికి రాలింది. కింద చర్మం మీద ఎర్రటి మరక. రక్తం లేదు.

లసుంబాయి దాన్ని తీసి దూరంగా పారేద్దామని అరచేతిలోకి తీసుకుంది.

"ఆగండమ్మా" పరాంకుశం లేచి నిలబడ్డాడు. "మధ్యలో ఇంకా పచ్చగా ఉంది. ప్రాణముంది. చేతిలోనే ఉంచండి, ఒక్క క్షణం, గాజుపెట్టె తెస్తాను, అందులో కాసేపు నిలుస్తుంది."

ఆయన పరుగెత్తాడు. అరచేతిలో అది వెచ్చబడింది. చిన్న కోడిపిల్ల సర్దుకుని కూర్చున్నట్టు కదిలింది. అంతలో వంటింటి గోడలు మెల్లగా పక్కకు తప్పుకున్నాయి. లసుంబాయి నిలబడి ఉంది. కాళ్ళు చల్లటి మట్టిలోకి దిగి, దిగి, ఎక్కడో ఇంకో వేరును తాకాయి. ఆ వేరు ఇంకొకదాన్ని. తల మీద పెద్ద ఆకాశం. వాన వస్తే రానీ. రాకపోతే మానీ. పురుగు తింటే తిననీ. కోసుకుపోతే పోనీ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గుండె కింద బిగిసి ఉన్న పిడికిలి ఒకటి విడిపోయింది. అది అక్కడుందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎంత నిశ్శబ్దం! ఇలా కూడా ఉండవచ్చా మనిషి? ఎవరి గురించీ ఏమీ అనుకోకుండా?

ఎవరి గురించీ. ఆమెకు పిల్ల ముఖం గుర్తు రాలేదు.

ఆ గుర్తు రాకపోవడమే ఆమెను లాగింది. ఎక్కడినుంచో, చాలా లోతునుంచి, రెండు చేతులతో తనను తాను పెరికినట్టు లసుంబాయి పైకి వచ్చింది. కుళాయి కింద షాబాదు బండ రాత్రి చలి ఇంకా పట్టుకుని ఉంది. దాని మీద ఆ సంచిని పెట్టి చెయ్యి తీసేసింది. అది ఒకసారి ముడుచుకుంది. పచ్చ రంగు మధ్యలోకి, చుక్కంత దగ్గరికి వచ్చి, పోయింది.

పరాంకుశం గాజుపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బండను చూశాడు, ఆమెను చూశాడు. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

లక్ష్మక్క ఇంట్లోంచి విఠల్ తెచ్చిన పల్చటి జావ ఉంది. లసుంబాయి చెంచాతో తీసి కూతురి నోటి దగ్గర పెట్టింది. ఇది పిల్లకేనా, పిల్లకే చేరుతుందా? రుక్మిణి మింగింది. ఇంకో చెంచా. లసుంబాయి ఎడమ చెయ్యి పిల్ల పాదం మీద వేసి ఉంచింది. అలా చాలాసేపటికి, ఎండ వల్ల కాకుండా, లోపలినుంచి, ఆ పాదం కొద్దిగా వెచ్చబడింది.

పిడికిలి గుండె కింద ఎప్పటి చోట మళ్ళీ బిగుసుకుంది. ఆమెకు ఊపిరాడింది.

రుక్మిణి లేచి కూర్చుంది. నెమ్మదిగా కాళ్ళు చాప మీంచి నేల మీదికి పెట్టింది.

"ఆగు ఆగు" అంది లసుంబాయి. "సెప్పులేస్కో. నేల సల్లగున్నది, జలుబు జేస్తది, దగ్గు పడ్తది, ఆ దగ్గు ఇగ తగ్గదు..."